కీళ్లవాతానికి వేడి కాపడమా, ఐసా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకి రెండూ పనికొస్తాయి, కానీ ఒకే వేళకి కాదు.

పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, పిడికిలి ముడవలేక, చొక్కా గుండీ పెట్టుకోలేక గంటసేపు అవస్థ పడతారు చూడండి, అప్పుడు వేడే మేలు. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి, అందులోనే వేళ్లు మెల్లగా మూసి తెరుస్తూ ఉండాలి. బిగువు సడలుతుంది. ఫిజియోథెరపీ సెంటర్లలో కరిగించిన మైనంలో చేతులు ముంచేదీ ఇందుకే.

కీలు వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా తగులుతుంటే మాత్రం కాపడం జోలికి పోవద్దు. ఐస్ ముక్కలు తువ్వాలులో చుట్టి 10-15 నిమిషాలు పెట్టండి. నొప్పి మొద్దుబారుతుంది, వాపు కాస్త దిగుతుంది. మన ఇళ్లలో ఏ నొప్పికైనా కాపడమే అలవాటు. వాపు మీద పెట్టడం ఒక్కటీ దయచేసి మానిపించండి.

చలికి వేళ్లు తెల్లబడే రేనాడ్స్ సమస్య ఉంటే ఐస్ వద్దు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకి చర్మం కాలినా తెలియదు, కాబట్టి రెండింటితోనూ జాగ్రత్త.

ఉపశమనం దొరికిందని డాక్టరు రాసిన మెథోట్రెక్సేట్ లాంటి మందులు సొంతంగా ఆపొద్దు. కీలు దెబ్బతినకుండా కాపాడేది ఐసూ కాదు, కాపడమూ కాదు, ఆ మందులే.