తొక్కిసలాట తర్వాత ప్రభుత్వం ఏం చేస్తే మేలు: నిషేధమా, కేసులా, కట్టడాలా, జనం లెక్కా?

2025 నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది పోయారు. అప్పటి నుంచి ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి కదా, అందుకే టెన్షన్ ఎక్కువైంది. ప్రభుత్వాలు ఇప్పటిదాకా పట్టుకున్న దారులు నాలుగైదే. వాటిలో ఏది నిజంగా ప్రాణాలు కాపాడుతుంది అన్నదే చూద్దాం.

ఎక్స్‌గ్రేషియా, విచారణ కమిషన్, ఈ రెండింటినీ ముందే పక్కన పెట్టేస్తాను. తిరుపతిలో 2025 జనవరిలో దర్శనం టోకెన్ల క్యూల దగ్గర చనిపోయిన ఆరుగురి కుటుంబాలకు 25 లక్షల చొప్పున ప్రకటించారు, ఇవ్వాల్సిందే, అందులో వాదనేమీ లేదు. కానీ దానివల్ల వచ్చే ఏడాది క్యూలో నిలబడేవాడికి ఒరిగేదేమీ లేదు. ఇక కమిషన్ సంగతి. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 2015 జూలై 14న కనీసం 27 మంది పోతే, జస్టిస్ సోమయాజులు కమిషన్ నివేదిక అసెంబ్లీ ముందుకు వచ్చేసరికి 2018 అయింది. అందులో తప్పంతా మీడియా ప్రచారం మీదా, ముహూర్తం మీద జనానికున్న గుడ్డి నమ్మకం మీదా పడింది. జనం నమ్మకంతో వస్తారని తెలియకనా పుష్కరాలకు ఏర్పాట్లు చేసేది?

నిషేధం విషయానికి వస్తే మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2022 డిసెంబర్ 28న కందుకూరు రోడ్‌షోలో ఎనిమిది మంది, 2023 జనవరి 1న గుంటూరులో చీరల పంపిణీ దగ్గర ముగ్గురు చనిపోయారు. ఆ మర్నాడే జీవో నంబర్ 1 వచ్చేసింది, 1861 నాటి పోలీసు చట్టాన్ని పట్టుకుని రోడ్ల మీద సభలు వద్దన్నారు. మే నెలలో హైకోర్టు కొట్టేసింది. నాకైతే కోర్టు విషయం కంటే ఇంకొకటి కనిపిస్తుంది: గుంటూరు ఘటన రోడ్డు మీద కాదు, మైదానంలో జరిగింది. నిషేధం చోటును చూస్తుంది, కిక్కిరిసిపోవడాన్ని చూడదు. పైగా అనుమతి ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అన్న దగ్గర రాజకీయం దూరకుండా ఉంటుందా?

నిర్వాహకుల మీద కేసులు, జైలు అనేది కర్ణాటక దారి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది పోయాక, ఆగస్టులో జనసమ్మర్ద నియంత్రణ బిల్లు అసెంబ్లీలో పెట్టారు. ఇందులో నాకు నచ్చింది జైలు శిక్ష కాదు. కార్యక్రమం పెట్టేవాడు ముందే వచ్చి చెప్పాల్సి ఉంటుంది చూడండి, అదీ అసలు లాభం. కాశీబుగ్గది ప్రైవేటు గుడి, మాకు సమాచారమే ఇవ్వలేదు అని అధికారులు అన్నారు. అలాంటి చోట్లకు ఈ తరహా చట్టం పనికొస్తుంది. అయితే తిరుపతి, రాజమండ్రి లాంటి చోట్ల ప్రభుత్వమో దాని సంస్థలో స్వయంగా నిర్వాహకులు, అక్కడ కేసు ఎవరి మీద పెడతారు?

కట్టడాలు మార్చడం ఖరీదైన పనే గానీ ఫలితం మాత్రం ఉంటుంది. హజ్‌లో సైతానుకు రాళ్లు కొట్టే జమరాత్ వంతెన దగ్గర 2006లో 346 మంది చనిపోయాక సౌదీ ప్రభుత్వం పాతది కూల్చేసి, పోయేదారి వచ్చేదారి కలవకుండా అంతస్తులుగా కొత్తది కట్టింది. ఆ వంతెన మీద గండం తప్పింది. కానీ 2015లో అదే మినాలో, వంతెనకు పోయే వీధుల కూడలిలో, ప్రభుత్వ లెక్క ప్రకారమే 769 మంది పోయారు. కట్టడం ఒక ఇరుకును తీసేస్తే జనం ఇంకో ఇరుకులో చిక్కుకున్నారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. ఇలాంటి చోట్ల జనం కాళ్ల కింద నలిగి పోతారని అనుకుంటాం గానీ, చాలామంది నిలబడే ఊపిరాడక పోతారు. చదరపు మీటరుకు ముగ్గురు నలుగురు ఉన్నంతవరకు మనిషి నడక వాడి చేతిలో ఉంటుంది, ఆరేడుగురు అయ్యాక ఎవరూ తమంతట తాము కదల్లేరు, మొత్తం గుంపే అలలా అటూ ఇటూ ఊగుతుంది, వెనకున్నవాడికి ముందేం జరుగుతోందో తెలియదు కాబట్టి తోస్తూనే ఉంటాడు. ఆ దశ వచ్చాక మైకులో అరిచినా లాఠీ ఊపినా పెద్దగా లాభం ఉండదు. చేయగలిగింది ఒకటే, అంతకు ముందే వెనక నుంచి వచ్చేవాళ్లను ఆపడం.

మరి ఆపేదెవరు? 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు బయట ఒత్తిడి పెరిగిందని మధ్యాహ్నం 2:52కి పెద్ద గేటు తెరిచారు. ఎదురుగా ఉన్న సొరంగం జనం నిలబడి ఆట చూసే కంచెల అరల్లో అప్పటికే నిండిన మధ్యవాటిలోకి పోతుంది, పక్క అరల్లో ఖాళీ ఉంది. సొరంగం మూసి జనాన్ని పక్కకు మళ్లించమని ఎవరూ చెప్పలేదు. చివరికి 97 మంది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని ఇటేవాన్‌లో, 2022 అక్టోబర్ 29న హాలోవీన్ పండగ జనం కిక్కిరిసిన ఓ సందు నుంచి మొదటి ఫోన్ సాయంత్రం 6:34కే పోలీసులకు వెళ్లింది, ఇక్కడ నలిగి చచ్చేలా ఉన్నారని. ఆ సందు వెడల్పు చూస్తే మూడు మీటర్ల పైచిలుకు. రాత్రి పదింబావు లోపు అలాంటివి 11 ఫోన్లు. 159 మంది పోయారు.

ఆ తర్వాత సియోల్ నగరం చదరపు మీటరుకు ఎందరున్నారో లెక్కపెట్టి పోలీసుకు, ఫైర్‌కు హెచ్చరిక పంపే కెమెరాలు పెట్టింది, కిక్కిరిసిన స్టేషన్‌లో మెట్రో రైలు ఆగకుండా పోయేలా ఏర్పాట్లు చేసుకుంది. మన వార్తల్లో కెమెరాలకు, ఏఐకి ఎక్కడలేని మోజు గానీ, నా ఓటు రైలు ఆపకుండా పంపేసే ఏర్పాటుకి. ఇటేవాన్‌లో సమాచారం లేక కాదు కదా జనం పోయింది. దాదాపు నాలుగు గంటల ముందే ఉంది. దాన్ని పట్టుకుని దారి మూసేసే మనిషే లేడు.

మన దగ్గర గేటు దగ్గరున్న సీఐ ఆపేయాలనుకుంటే డీఎస్పీని అడగాలి, ఆయన ఎస్పీని, ఆయన కలెక్టర్‌ని, ఈలోపు వీఐపీ కాన్వాయ్ ఒకటి. 2015లో రాజమండ్రిలో తొక్కిసలాట జరిగిన ఆ ఉదయం ముఖ్యమంత్రి కుటుంబం స్నానం చేసింది కూడా ఆ పుష్కర ఘాట్‌లోనే, వీఐపీలకు వేరే ఘాట్ ఉండగా. అలాంటి పూట కిందివాడు తనంతట తాను గేటు వేయగలడా? ఎవరినీ అడక్కుండా మూసే అధికారం, మూసినందుకు తర్వాత సస్పెండ్ చేయరన్న రాతపూర్వక భరోసా, ఈ రెండూ లేకుండా ఎన్ని కెమెరాలు పెట్టినా తర్వాత చూసుకోవడానికి ఫుటేజీ మిగులుతుంది, అంతే.

కాబట్టి నా వరుస ఇది: ముందు లెక్క, ఆపే అధికారం కలిపి, తర్వాత కట్టడాలు, చిన్న గుళ్లకూ రాజకీయ సభలకూ కర్ణాటక తరహా చట్టం, నిషేధం అన్నిటికంటే చివర. 2027కి ఏర్పాట్ల ఫైలు బయటికొచ్చినప్పుడు నేను వెతికేది కోట్ల లెక్క కాదు. ఒక్కో ఘాట్‌లో ఎంతమందికి చోటుంది, ఎంత దగ్గర ఆపుతారు, ఆపేది ఏ హోదా అధికారి, ఈ మూడూ రాసి ఉన్నాయా అని. ఘాట్లు నిండితే రైళ్లను రాజమండ్రి దాకా రానివ్వకుండా అటు కొవ్వూరు, నిడదవోలులో, ఇటు సామర్లకోటలో నిలిపేయాలి, రైల్వేకి ఆ ఫోన్ చేసేది ఎవరో ఇప్పుడే తేల్చుకోవాలి.