బీపీ బిళ్లలు: నేను వాడినవి, అవి పెట్టిన ఇబ్బందులు

బీపీ బిళ్లలతో చిక్కేమిటంటే, జబ్బు ఏ బాధా పెట్టదు, మందే పెడుతుంది. తలనొప్పికి బిళ్ల వేసుకుంటే అరగంటలో మేలు తెలుస్తుంది. ఇక్కడ తగ్గేది మిషను చూపించే అంకె ఒక్కటే. ఒంట్లో ఏ తేడా వచ్చినా నింద మందు మీదికే పోతుంది, నాలుగు నెలలకు డబ్బా అటకెక్కుతుంది. పదేళ్లకు పైగా వాడుతున్నదాన్ని కాబట్టి ఏ మందు నన్ను ఎలా చూసిందో రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూసుకోండి.

మొదట రాసింది ఆమ్లోడిపిన్. బీపీ దించడంలో దీనికి వంక పెట్టలేను. ఒంట్లోంచి సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది కనుక ఒక పూట ఆలస్యమైనా బీపీ ఎగిరిపడదు. 5 మిల్లీగ్రాములు వాడినంత కాలం నాకు ఏమీ కాలేదు. 10కి పెంచాక కాళ్ల వాపు మొదలైంది. నాది రోజంతా నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం. సాయంత్రం చెప్పులు విప్పితే పాదం మీద గాడి పడి ఉండేది, కాలి పట్టీలు చర్మానికి అతుక్కుపోయి కదిలేవి కావు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడ్డ గుంట కాసేపు అలాగే ఉండేది. తెల్లవారేసరికి చాలావరకు దిగిపోయేది, మళ్లీ సాయంత్రానికి మామూలే.

చుట్టాలందరూ కిడ్నీలు పాడయ్యాయని తేల్చేశారు. పరీక్షల్లో కిడ్నీలు, గుండె శుభ్రంగా ఉన్నాయి. అసలు సంగతి ఏమిటంటే, ఈ మందు రక్తాన్ని తెచ్చే సన్నటి ధమనులను వదులు చేస్తుంది కానీ, తిరిగి తీసుకెళ్లే సిరలను అంతగా వదులు చేయదు. మధ్యనున్న కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువవడం వల్ల వచ్చే వాపు కాదు కాబట్టి, నీరు తీసే బిళ్లకు ఇది పెద్దగా లొంగదు. మా పక్కింటి పెద్దాయన మాత్రం ఇదే వాపుకు నీటి బిళ్ల, ఆ నీటి బిళ్ల వల్ల పొటాషియం పడిపోతే దానికో సిరప్పు వాడుతూ వచ్చారు. ఒక మందు చేసిన దానికి మరో మందు రాసుకుంటూ పోవడం నాకు అసలు నచ్చని వైద్యం. ఆమ్లోడిపిన్ కొందరికి చిగుళ్లు కూడా ఉబ్బేలా చేస్తుంది. పళ్ల డాక్టరుకు మీరు వాడే బిళ్ల పేరు తప్పక చెప్పండి.

దాని బదులు రామిప్రిల్ ఇచ్చారు. ఈ జాతి మందుల పుట్టుక ఆసక్తికరం: బ్రెజిల్‌లోని ఒక పాము (మన రక్తపింజర కుటుంబానిదే) విషం మీద జరిగిన పరిశోధనే వీటికి దారి చూపింది. వాటిలో మొదటి బిళ్ల కాప్టోప్రిల్ 1981లో అమెరికాలో అనుమతి పొందింది. నాకు మిగిలింది మాత్రం దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో ఈకతో గీకినట్టు ఒకటే గరగర. పడుకుంటే మరీ ఎక్కువ. మిరియాల పాలు, కషాయం, దగ్గు సిరప్పులు, ఛాతీ ఎక్స్‌రే అన్నీ అయ్యాయి. చివరికి ఒక డాక్టరు నా మందుల చీటీ చూసి, ఎక్స్‌రే వైపు కన్నెత్తకుండానే, బిళ్ల మార్చారు. బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఈ మందు అడ్డుకోవడం వల్ల అది పేరుకుని దగ్గు తెప్పిస్తుందట. మానేసిన వెంటనే పోలేదు, కొన్ని వారాలు పట్టింది. దగ్గు చికాకే తప్ప ప్రమాదం కాదు. కానీ ఇదే మందుతో అరుదుగా పెదవులు, నాలుక ఉబ్బుతాయి. అలా జరిగితే ఇంకో బిళ్ల వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ తర్వాత వచ్చిన టెల్మిసార్టాన్‌కే నా మొదటి మార్కు. దగ్గు లేదు, వాపు లేదు, నీరసం లేదు. దీనితో పాటు ఆమ్లోడిపిన్‌ను మళ్లీ 5లో కలిపినా పట్టీలు ఇప్పుడు వదులుగానే ఉంటున్నాయి. ఈ రెండూ కలిస్తే వాపు తగ్గుతుందని డాక్టరు ముందే చెప్పారు. అలాగని షరతులు లేవని కాదు. రక్తంలో పొటాషియం పెరగవచ్చు. బీపీకి మంచిదని దుకాణాల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో చాలావాటిలో ఉండేది పొటాషియం క్లోరైడే, కాబట్టి ఈ బిళ్ల వాడేవాళ్లు అడగకుండా దాని జోలికి పోకూడదు. గర్భిణులకు రామిప్రిల్, టెల్మిసార్టాన్ రెండూ పనికిరావు. ఇంకొకటి, టెల్మిసార్టాన్ తేమ పీల్చుకుంటుంది. వారం రోజుల బిళ్లలు ముందే విప్పి డబ్బాలో సర్దుకునే అలవాటుంటే దీన్ని మాత్రం అట్టలోనే ఉంచండి.

మధ్యలో ఒక వేసవిలో క్లోర్‌థాలిడోన్ అనే నీటి బిళ్ల కూడా వాడాను. బీపీ చక్కగా దిగింది, సోడియం కూడా దిగింది. 135కు తగ్గకూడనిది 128కి వచ్చింది. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మేవి, నోటిదాకా వచ్చిన మాట మరిచిపోయేదాన్ని. వయసు మీద పడిన ఆడవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మా ఎండల్లో నాకు ఇది పడదు. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నవాళ్లకు గౌట్ అనే కీళ్ల నొప్పి కూడా తిరగబెట్టవచ్చు.

మావారిది అటెనొలాల్. చేతులు చల్లబడటం, మెట్లెక్కితే కాళ్లు లాగడం, నాడి నెమ్మదించడం ఆయన ఫిర్యాదులు. దాన్ని ఉన్నపళాన ఆపితే గుండెకు ప్రమాదం కనుక డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు.

మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, మా బిళ్లలతో కలిస్తే కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. టెల్మిసార్టాన్, నీటి బిళ్ల, నొప్పి బిళ్ల మూడూ ఒకేసారి పడితే మరీ ముప్పు. అందుకే నొప్పులకు నేను పారాసెటమాల్ దాటను, అదీ రోజూ కాదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో బీపీ బిళ్ల వేసుకోవాలా వద్దా అని డాక్టరుకు ఫోను చేసి అడుగుతాను. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, సోడియం పరీక్షలు డాక్టరు రాసినప్పుడల్లా చేయించి, పాత కాగితాలన్నీ ఒకే ఫైలులో పెడతాను. ఏ బిళ్ల ఎప్పుడు మొదలైందో, ఎందుకు ఆగిందో ఆ ఫైలు మొదటి పేజీలోనే రాసి ఉంటుంది; కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు చూపించేది ఆ పేజీనే.