కరోనా కాలంలో ఏ హెచ్ఎం (హెడ్మాస్టరు) మేలు: కాగితం సారా, కాలికి చెప్పులరిగే మేడమా?

నేను కనిగిరి వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మా చెల్లెలు నెల్లూరు జిల్లాలో కోవూరు దగ్గర తెలుగు టీచరు. 2020 మార్చిలో రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది నెల్లూరులోనే కాబట్టి భయం ముందు వాళ్లకొచ్చింది. 19వ తేదీ నుంచి బడులన్నీ మూతపడ్డాక రోజూ రాత్రి ఫోన్లో మా ఇద్దరికీ ఒకటే కబురు: మీ హెచ్ఎం ఏం చేశారు, మా హెచ్ఎం ఏం చేశారు.

వాళ్ల సార్ కాగితం మనిషి. ప్రొసీడింగ్స్, అంటే పైనుంచి రాతలో ఉత్తర్వు, చేతికొస్తే గాని కుర్చీ కూడా జరపడు. మా మేడం అందుకు పూర్తిగా తలకిందులు. ముందు వీధిలోకి వెళ్లొస్తుంది, కాగితం తర్వాత వెతుక్కుంటుంది.

పాఠాల సంగతి చూస్తే, వాళ్ల సార్ తరగతికో వాట్సాప్ గ్రూపు పెట్టించి, టైంటేబుల్ వేసి, సాయంత్రానికి ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు రిపోర్టు పంపేవాడు. రిపోర్టులో అన్నీ పచ్చగానే ఉండేవి. మా మేడం మాచేత హాజరు పట్టీ ముందేసుకుని ఒక్కో ఇంటికీ ఫోన్ చేయించింది. ఫోన్ ఎవరిది, ఎన్నింటికి ఇంట్లో ఉంటుంది, ఇంటికి హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో ఎవరైనా దిగారా. ఈ మూడూ పేరు పక్కనే రాయాలి. నేను చేసిన మొదటి ఫోనుకే ఒకమ్మ, "ఇది పక్కింటోళ్లది సార్. మాది మా ఆయన కాడుంది, బేల్దారి పనికి పట్టుకుపోయాడు. పొద్దుగూకినాక చేయండి" అంది. సగం ఇళ్లలో అదే మాట. పగలు పది గంటలకు పంపే వీడియో ఎవరి కోసం మరి? రాత్రి ఎనిమిదికి మార్చాం. రోజుకో లెక్క, అదీ నోటిమాటగా. డేటా అయిపోయినోళ్లకు మామూలు కాల్. టీవీ ఉన్నోళ్లకు సప్తగిరి ఛానల్లో పదో తరగతి పాఠాల వేళ చెప్పేవాళ్లం. ఈ విషయంలో మేడమే మేలు, సందేహం లేదు.

కానీ జూలైలో ఆమె చేసిన పని నేనిప్పటికీ ఒప్పుకోను. ఫోన్ లేని పిల్లలను ఐదారుగురు చొప్పున వేపచెట్ల కింద కూర్చోబెట్టి చెప్పమంది. పడమటి ప్రకాశంలో వానల బాధ పెద్దగా ఉండదు కాబట్టి చెట్టు కింద బడి నడిచింది. నెలాఖరుకు రాష్ట్రంలో రోజుకు పదివేల దాకా కేసులొస్తున్నా ఆపలేదు. మాలో ఒకాయనకు పాజిటివ్ వచ్చింది. ఊరు ఊరంతా మమ్మల్ని చూసి తలుపులేసుకుంది. కాగితం సార్ దగ్గర అది జరిగేది కాదు. అనుమతి లేదు, అంతే.

ఇక నవంబరు. 2వ తేదీన తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. గదికి పదహారు మంది, రోజు మార్చి రోజు. రెండు బళ్లలోనూ కొద్ది రోజుల తేడాతో ఒక్కో పిల్లకు పాజిటివ్ వచ్చింది. ఇద్దరినీ అసలు తూచాల్సింది ఇక్కడే.

చెల్లెలి బడిలో సార్ రెండు రోజులు నోరు విప్పలేదు, పైనుంచి మాట రావాలని. ఈలోగా టీకొట్టు దగ్గర ఒక కేసు ఏడైంది, ఒక టీచరమ్మకు ఆక్సిజన్ పెట్టారని కూడా పుట్టించారు. మూడో రోజుకు బడిలో టీచర్లే మిగిలారు. తర్వాత నివర్ తుపాను వానలకు ఎటూ సెలవులే.

మా మేడం కేసు తెలిసిన మధ్యాహ్నమే ఊరి నర్సు ఏఎన్ఎంతో మాట్లాడి, చదవలేని వాళ్లుంటారని గ్రూపులో వాయిస్ పెట్టింది. "పదో తరగతిలో ఒక బిడ్డకు కరోనా వచ్చింది. బిడ్డ బాగానే ఉంది. పేరు అడగబాకండి. ఆ గదిలో కూర్చున్నోళ్లను రేపు పొద్దున పీహెచ్‌సీకి, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, తీసుకురండి, నేనక్కడే ఉంటా." ఐదు నిమిషాల్లో ఒకాయన, "ఎవురు మేడం?" "అడగబాకండన్నా కదా నాయనా." అంతటితో సరి. మర్నాడు పొద్దున చెప్పినట్టే పీహెచ్‌సీ మెట్ల మీద కూర్చుని ఉంది. తర్వాత వారం హాజరు తగ్గింది గానీ బడి ఖాళీ కాలేదు.

లెక్కల్లో మాత్రం సార్‌ను మించినోడు లేడు. మధ్యాహ్న భోజనం కింద ఇళ్లకిచ్చిన బియ్యం, కోడిగుడ్లు, చిక్కీలు సంతకాలతో సహా ఆయన దగ్గర సరిపోయేవి. మా మేడం గుడ్ల లెక్క కలపడానికి నేను రెండు రాత్రులు కూర్చున్నా. ఆ గుడ్లు పిల్లలకే చేరాయని నాకు తెలుసు, రిజిస్టరుకు తెలియదు. అసలు సార్ అంత భయస్తుడు కావడానికి కారణం ఎప్పుడో తిన్న మెమో అని చెల్లెలు చెప్పింది.

నన్నడిగితే మేడం దగ్గరే పనిచేస్తా. గుడ్ల లెక్క మాలాంటోళ్లం ఎవరైనా కలపగలం, పేరెంట్స్‌కి ఉన్నమాట చెప్పే పని హెచ్ఎం బదులు ఇంకొకరు చేసేది కాదు. ఇది చెల్లెలితో అంటే ఒప్పుకోలేదు. "మా అత్తకు షుగరన్నా. ఆ జూలైలో మీ మేడం నన్ను చెట్టు కిందికి పంపుంటే?" అంది.

సరే, ఆ జూలై ఒక్కటీ సార్ ఖాతాలో రాసుకోమన్నా.