క్యాంపర్ వ్యాన్‌లో టెల్టోనికా ఆర్‌యూటీఎక్స్11: రౌటర్ పని సగం, యాంటెన్నా పని సగం

క్యాంపర్ వ్యాన్‌లోనే ఉంటూ ఉద్యోగం చేసుకునేవారికి ఫోన్ హాట్‌స్పాట్ కొంతకాలమే సరిపోతుంది. ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వెళ్తే లోపల ఉన్నవారికి నెట్ పోతుంది, గంటల తరబడి ఛార్జింగ్‌లో ఉంచి నడిపితే ఫోన్ వేడెక్కుతుంది, అన్నిటికీ మించి వ్యాన్ రేకు గోడలూ, ఎండ వేడి లోపలికి రాకుండా వాటికి అంటించిన అల్యూమినియం పొరా కలిసి సిగ్నల్‌లో చాలా భాగాన్ని బయటే ఆపేస్తాయి. ఈ మూడు ఇబ్బందులూ తీరాలని నేను సిమ్ ద్వారా నెట్ అందుకుని వైఫైగా పంచే టెల్టోనికా వారి ఆర్‌యూటీఎక్స్11 రౌటర్‌ను ఎంచుకుని, స్వయంగా బిగించుకున్నాను.

ఈ రౌటర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది దాని వేగం కాదు, వాహనంలోని కరెంటుకు అది ఇట్టే ఒదిగిపోవడం. వ్యాన్‌లో 12 వోల్టులని చెప్పుకుంటామే గాని, ఇంజిన్ నడుస్తూ బ్యాటరీకి ఛార్జ్ ఎక్కుతున్నప్పుడు అది 14 దాటుతుంది, రాత్రంతా ఫ్రిజ్జూ దీపాలూ నడిచాక 12 కంటే కిందికి జారుతుంది. ఆర్‌యూటీఎక్స్11 మాత్రం 9 నుంచి 50 వోల్టుల వరకు ఎంత ఇచ్చినా తీసుకుంటుంది కాబట్టి, మధ్యలో ఇన్వర్టర్ అక్కర్లేదు. బ్యాటరీ కరెంటును ఇన్వర్టర్‌తో గోడ సాకెట్టు స్థాయికి పెంచి, మళ్లీ అడాప్టర్‌తో దించి వాడుకోవడమంటే, రెండు చోట్లా కొంత శక్తిని వేడి రూపంలో పారబోసుకోవడమే. నేను నాలుగు పిన్నుల కేబుల్ తీసుకుని, ఎర్ర తీగను 2 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా ఫ్యూజు పెట్టెకూ, నల్ల తీగను నెగెటివ్‌కూ కలిపాను. రౌటర్ గరిష్ఠంగా వాడుకునేది 16 వాట్లు గనుక ఆ ఫ్యూజు చాలు. నా వాడకంలో సగటు 5 వాట్ల దగ్గర ఉంటోంది. అంటే రోజంతా ఆపకుండా నడిపినా 120 వాట్-అవర్లు, 12 వోల్టుల బ్యాటరీలో సుమారు 10 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. చిన్న బ్యాటరీతో తిరిగేవారు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

యాంటెన్నా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా సమయం ఎక్కువగా పోయింది అక్కడే. మొదట రౌటర్‌కు చిన్న యాంటెన్నాలనే తగిలించి, దాన్ని అలమరలో పెట్టి, సెట్టింగుల పేజీలో సిగ్నల్ బలం చూస్తే మైనస్ 109 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) చూపించింది. ఇందులో అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సిగ్నల్ బాగున్నట్టు లెక్క, 109 అంటే బాగా బలహీనం. తరువాత పైకప్పుకు రంధ్రం చేసి, కోసిన అంచు తుప్పు పట్టకుండా రంగు పూసి, సీలెంట్ పట్టించి బయటి యాంటెన్నా బిగించాను. దానితో పాటు వచ్చిన 5 మీటర్ల తీగలలో నాకు అవసరమైనది 2 మీటర్లే, మిగిలినదాన్ని చుట్టగా చుట్టి మూలన పెట్టేశాను. అదే పొరపాటు. అలాంటి సన్నని ఆర్‌జీ174 రకం తీగ 2 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు ఒక డెసిబెల్‌కు పైగానే సిగ్నల్‌ను తినేస్తుంది, 3 డెసిబెల్‌లు పోతే సగం పోయినట్టే, 5 మీటర్లు దాటి వచ్చేసరికి మూడో వంతు కూడా మిగలదు. తీగలను కోయించి కొత్త కనెక్టర్లు వేయించి, రౌటర్‌ను యాంటెన్నాకు సరిగ్గా కిందికి జరిపాక, అదే చోట, అదే సిమ్‌తో మైనస్ 94కు వచ్చింది. అంతకుముందు మాటిమాటికీ తెగిపోయే వీడియో కాల్ ఆ రోజు గంట సేపు నిలిచింది.

కనెక్టర్ల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. మొబైల్ యాంటెన్నాల సాకెట్లు ఎస్‌ఎంఏ రకం, వైఫై యాంటెన్నాలవి ఆర్‌పీ-ఎస్‌ఎంఏ రకం. బయటి మరలు రెండింటికీ ఒకటే కావడంతో, ఏ తీగ ఎక్కడ తిప్పినా బిగుసుకుంటుంది. వైఫై తీగను మొబైల్ సాకెట్టుకు బిగిస్తే రెండు వైపులా మధ్యలో రంధ్రమే ఉంటుంది, సూది ఉండదు, కనుక గట్టిగా పట్టుకున్నట్టు కనిపించినా లోపల తాకడమే జరగదు. తిరగేసి బిగిస్తే రెండు సూదులు ఒకదానికొకటి తగిలి వంగిపోతాయి. బిగించే ముందు ప్రతి తీగ కొసనూ వెలుతురులో పెట్టి చూసుకోవడం మంచిది. మొబైల్ తీగలు రెండూ తప్పకుండా కలపాలి, ఒక్కటే కలిపితే పని చేస్తుంది గాని వేగం బాగా తగ్గుతుంది.

సెట్టింగులు పెద్ద కష్టమేమీ కాదు. ఆపరేటర్ ఇచ్చే ఏపీఎన్ పేరు (సిమ్ ఏ దారిన నెట్‌కు కలవాలో చెప్పేది), సిమ్‌కు పిన్ ఉంటే ఆ పిన్ నమోదు చేసి, సంకేతపదం మార్చుకుంటే పని నడుస్తుంది. రెండు సిమ్‌లు పెట్టుకునే వీలుంది, మొదటిది అందని చోట రెండోదానికి తానే మారేలా అమర్చుకోవచ్చు. అయితే రెండూ ఒకేసారి పని చేయవని గుర్తుంచుకోవాలి. క్యాంపుగ్రౌండ్ వైఫై దొరికినప్పుడు దాన్ని పట్టుకుని లోపలి పరికరాలన్నిటికీ పంచే సదుపాయం నేను దాదాపు ప్రతి మజిలీలోనూ వాడుతున్నాను. ల్యాప్‌టాప్‌కూ ఫోన్లకూ ఎప్పుడూ ఒకే వైఫై పేరు కనిపిస్తుంది, వెనుక దారి ఏదైనా వాటికి పట్టింపు లేదు. మెనూలు మాత్రం నెట్‌వర్క్ పని తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంటాయి, కొత్తవారు ఒక సాయంత్రమంతా ఓపికగా కేటాయించుకోవాలి.

ఇది 4జీ రౌటర్. 4జీ పరికరాల వేగాన్ని బట్టి చేసే వర్గీకరణలో ఇది క్యాట్ 6 రకం గనుక కాగితం మీద గరిష్ఠ వేగం సెకనుకు 300 మెగాబిట్లు, చేతికి అందేది అందులో చిన్న భాగమే. కాల్స్‌కూ, ఫైళ్లు పంపుకోవడానికీ, రాత్రి ఒక సినిమా చూడడానికీ నాకు అది సరిపోతోంది. వారాంతాల్లో మాత్రమే తిరిగేవారు ఇంత ఏర్పాటు చేసుకోనక్కర్లేదు, ఫోన్ చాలు. ముందుముందు 5జీకి మారే ఉద్దేశం ఉన్నవారు మాత్రం యాంటెన్నా కొనేటప్పుడే నాలుగు మొబైల్ తీగలున్నది తీసుకోవాలి. అదే సంస్థ 5జీ రౌటర్ ఆర్‌యూటీఎక్స్50కి నాలుగు మొబైల్ సాకెట్లుంటాయి. ఇప్పటికి రెండు తీగలు వాడుకుని మిగిలిన రెండింటి కొసలకు మూతలు పెట్టి ఉంచుకుంటే, పైకప్పుకు రెండోసారి రంధ్రం చేయాల్సిన పని ఉండదు.