రెడీ లైటు వెలగని హైబ్రిడ్: మల్టీమీటరు, ఓబీడీ స్కానరు, జంప్ ప్యాకు – మూడేళ్లు వాడాక

హైబ్రిడ్ బండి కదలనప్పుడు సంచిలోంచి ముందు ఏది తీయాలి? మూడేళ్ల వాడకం తర్వాత కూడా నా జవాబు ఒకటే: మల్టీమీటరు. బండి కంప్యూటరులోని తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానరు దాని తర్వాతే. పడుకున్న బ్యాటరీకి బయటి నుంచి కరెంటు ఇచ్చే జంప్ ప్యాకు అవసరమే కానీ, అది రోగం చెప్పదు, ఆ పూటకు గండం గట్టెక్కిస్తుంది. హన్మకొండ, కాజీపేట నుంచి కరీంనగర్, మంచిర్యాల దాకా హైరైడర్లు, గ్రాండ్ విటారాలు, హైక్రాస్‌లు, పాత క్యామ్రీల మీద ఈ మూడూ ఎలా పనిచేశాయో రాస్తున్నా.

"సెల్ఫ్ కొడితే బండి చాలూ అయితలేదు" అని పిలుస్తారు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో (కొంత దూరం ఇంజన్ లేకుండా మోటారుతోనే నడిచేది) కొట్టడానికి మామూలు సెల్ఫ్ మోటారే ఉండదు. టొయోటా పద్ధతిలో ఇంజన్‌ను తిప్పేది ట్రాన్సాక్సిల్‌లోని (గేర్లు, మోటార్లు కలిసి ఉండే పెట్టె) ఎంజీ1 మోటారు. దానికి కరెంటు పెద్ద బ్యాటరీ ఇస్తుంది. ఆ పెద్ద బ్యాటరీని మిగతా బండికి కలిపే మెయిన్ రిలేలు మూసుకోవాలంటే మాత్రం 12 వోల్టుల చిన్న బ్యాటరీ కావాలి. చిన్నది పడుకుంటే పెద్దది నిండుగా ఉండీ లాభం లేదు. ఇంకోటి, ఇంజన్ చప్పుడు రాలేదని కంగారు పడొద్దు. రెడీ లైటు వెలిగిందంటే బండి సిద్ధమైనట్టే, ఇంజన్ తనకు అవసరమైనప్పుడు లేస్తుంది. (స్మార్ట్ హైబ్రిడ్ అని వచ్చే ఎర్టిగా, బ్రెజాల సంగతి వేరు. వాటికి మామూలు సెల్ఫ్ మోటారు ఉంటుంది, పాత పద్ధతిలోనే చూసుకోవాలి.)

మల్టీమీటరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. వెయ్యి రూపాయల లోపుది చాలు, కానీ మిన్-మ్యాక్స్ బటన్ (కొలిచినంతసేపట్లో అతి తక్కువ, అతి ఎక్కువ వోల్టేజిని గుర్తుపెట్టుకునేది) ఉన్నది తీసుకోండి. బండి ఆపి ఉన్నప్పుడు చిన్న బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 11.8 కంటే తక్కువైతే ఇక మిగిలిందేమీ లేదనుకోవచ్చు. ఊరికే చూస్తే ముసలి బ్యాటరీ కూడా 12.4 చూపించి మోసం చేస్తుంది. అందుకే బ్రేకు తొక్కకుండా పవర్ బటన్‌తో ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, హెడ్‌లైట్లు వేసి ఒక నిమిషం ఆగి చూడాలి. 12 పైన నిలబడితే నమ్మొచ్చు, 11.5 కిందికి జారితే మార్చాల్సిందే. తర్వాత మీటరును మిన్ మీద పెట్టి, బ్రేకు తొక్కి పవర్ నొక్కాలి. రిలేలు టక్ టక్‌మని ఆగిపోయి, మీటరు 10 కిందికి పడిందని చూపిస్తే తప్పు బ్యాటరీదో టర్మినల్‌దో. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి హెడ్‌లైట్లు వేసే ఉంచి, ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి బాడీ ఇనుము మీద పెట్టండి. 0.1 లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టు. 0.2 దాటితే బ్యాటరీ మార్చడం డబ్బు దండగ, ఎర్త్ బోల్టు విప్పి గీకి బిగిస్తే సరిపోతుంది.

రెడీ వచ్చాక అదే మీటరుతో ఇంకోసారి చూడాలి. 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. హైబ్రిడ్‌లో ఆల్టర్నేటర్ ఉండదు, పెద్ద బ్యాటరీ వోల్టేజిని తగ్గించి చిన్నదాన్ని నింపే డీసీ-డీసీ కన్వర్టరుది ఆ పని. రెడీలో ఉండి కూడా 12 చిల్లర దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే కన్వర్టరో దాని మెయిన్ ఫ్యూజో పోయింది. జంపు కేబుళ్లు ఎర్రది నల్లది తారుమారు చేసిన బండ్లలో ముందు చూడాల్సింది ఆ ఫ్యూజే.

మీటరు బాగుందని చెప్పినా రెడీ రాకపోతే స్కానరు తీయడానికి ముందు రెండు చిన్న పనులున్నాయి. ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి. బ్రేకు లైట్లు వెలగకపోతే స్టాప్ ల్యాంప్ స్విచ్ లేదా దాని ఫ్యూజు చూడాలి. బ్రేకు తొక్కినట్టు కంప్యూటరుకు తెలియకపోతే బండి ఇగ్నిషన్ దగ్గరే ఆగిపోతుంది. రెండోది తాళం. అందులో సెల్ అయిపోతే బ్రేకు తొక్కి ఉంచి, తాళాన్ని పవర్ బటన్‌కు ఆనించి, బీప్ వచ్చాక బటన్ నొక్కితే చాలా మోడళ్లు లేస్తాయి. నాణెం లాంటి ఆ సెల్ చాలా తాళాల్లో సీఆర్2032, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.

ఇక స్కానరు. నేను వాడేది బ్లూటూత్ ఈఎల్ఎం327 రకం. వెర్షన్ 2.1 అని రాసి అమ్మే నకళ్లలో చాలావాటికి కొన్ని కమాండ్లు రావు, ఇంజన్ కోడ్లు చదివి హైబ్రిడ్ కంప్యూటరు దగ్గర నోరు మూసుకుంటాయి. కొనేటప్పుడు వెర్షన్ 1.5 కమాండ్లన్నీ వస్తాయని తేల్చుకోండి. ఫోన్‌లో కార్ స్కానర్ యాప్, టొయోటాలకైతే డాక్టర్ ప్రియస్ యాప్ పనికొచ్చాయి. చిన్న బ్యాటరీ దిగినప్పుడు చదివితే కోడ్ల జాతర కనిపిస్తుంది, యూ0100 లాంటి కమ్యూనికేషన్ కోడ్లతో సహా. వాటిలో చాలావరకు వోల్టేజి పడినందువల్ల వచ్చినవే. ఫొటో తీసుకొని, బ్యాటరీ నింపి, చెరిపి, మళ్లీ చదివినప్పుడు మిగిలినదే అసలు కోడు. ఈ వరస పాటించక పెద్ద బ్యాటరీ మీద నింద వేస్తే లక్షల మాట.

మిగిలే కోడ్లలో పీ3190 వస్తే ఇంజన్ బలం ఇవ్వడం లేదని, పీ3191 వస్తే ఇంజన్ లేవడం లేదని. వాటితో పీ3193 కూడా ఉంటే ముందు ట్యాంకులో పెట్రోలు చూడండి. పెట్రోలు లేకుండా పదే పదే రెడీ నొక్కితే పెద్ద బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది, దాన్ని బయటి నుంచి నింపడం జంపు కేబుళ్లతో అయ్యే పని కాదు. పీ0ఏ0డీ ఇంటర్‌లాక్ కోడు. ఎవరో సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీ కరెంటును తెంచేది) తీసి, పెట్టేటప్పుడు పిడి చివరి మెట్టు దాకా లాక్ చేయకపోతే తరచూ ఇదే వస్తుంది.

పీ0ఏఏ6 ఇన్సులేషన్ లీకు, అంటే పెద్ద బ్యాటరీ కరెంటు బండి బాడీలోకి కారడం. ఎండాకాలంలో ఏసీ గ్యాస్ నింపించాక ఇది కనిపిస్తే కంప్రెసర్ నూనెను అనుమానించాలి. హైబ్రిడ్ ఎలక్ట్రిక్ కంప్రెసర్‌కు ఎన్‌డీ-11 రకం ఎస్టర్ నూనె కావాలి. మామూలు కార్ల ప్యాగ్ నూనె కలిస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. పాత టొయోటాల్లో ఈ కోడు వెంట వచ్చే మూడంకెల ఉపకోడు 611 అయితే ఏసీ వైపు, 612 అయితే బ్యాటరీ వైపు. చవక స్కానర్ల పెద్ద లోపం ఇక్కడే, చాలావరకు ఆ మూడంకెలు చూపించవు. అవి కావాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న చోటికే వెళ్లాలి.

పీ0ఏ80 పెద్ద బ్యాటరీ ముసలిదైందని చెప్పే కోడు. యాప్‌లో బ్లాకుల (పెద్ద బ్యాటరీలోని సెల్‌ల గుంపులు) వోల్టేజిలు చూస్తూ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఒక్క బ్లాకు మిగతావాటికంటే వోల్టు దాకా కిందికి పడితే కోడు నిజమే చెబుతోంది. మన దిక్కు బండ్లకు వేడి పెద్ద శత్రువు. పెద్ద బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ గాలి పీల్చే, వెనక సీటు దగ్గరుండే జాలీలో జిన్నింగ్ మిల్లుల పత్తి నూగు, గ్రానైట్ దుమ్ము చేరి ఫ్యాన్‌కు ఊపిరాడదు. ఏడాదికి రెండుసార్లు బ్రష్షుతో తుడిచినా చాలు.

స్కానరుతో వచ్చే గొడవ ఒకటి ఎవరూ చెప్పరు. ఓబీడీ సాకెట్ 16వ పిన్నులో బండి ఆపినా కరెంటు ఉంటుంది. గుచ్చి వదిలేసిన అడాప్టరు 50 మిల్లీ ఆంపియర్లు తాగినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, రెండు వారాలకు దాదాపు 17. చిన్న బ్యాటరీ మొత్తమే చాలా మోడళ్లలో 35–45. కాజీపేటలో బండి పెట్టి రైలెక్కి రెండు వారాలకు తిరిగొచ్చేవాళ్లు ముందు దీన్ని పీకేయాలి.

మల్టీమీటరు, స్కానరు ఎంత చవకైనా పెద్ద బ్యాటరీ కరెంటు పారే నారింజ రంగు వైర్ల జోలికి పోకూడదు. హైరైడర్ బ్యాటరీ 177.6 వోల్టులు, మూడో తరం ప్రియస్‌లో ఇన్వర్టరు 650 దాకా పెంచుతుంది. సర్వీస్ ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగడం, 1000 వోల్టుల గ్లవ్స్ వేసుకోవడం శిక్షణ ఉన్నవాళ్ల పని.

జంప్ ప్యాకు చిన్నదైనా చాలు, ఎందుకంటే ఇక్కడ తిప్పాల్సింది ఇంజన్‌ను కాదు, రిలేలు, కంప్యూటర్లను లేపాలి అంతే. చిన్న బ్యాటరీ డిక్కీలో ఉండి కరెంటు లేక డిక్కీ తెరుచుకోకపోతే ముందు ఫ్యూజ్ బాక్సులో ఎర్ర మూత కింద జంపు టర్మినల్ ఉందేమో చూడండి. నల్లది బాడీ ఇనుముకు. పూర్తిగా చచ్చిన బ్యాటరీకి ప్యాకు కేబుళ్ల చివరి స్మార్ట్ క్లాంపులు (తప్పు కనెక్షన్ పసిగట్టే పట్టీలు) కరెంటు ఇవ్వవు, బూస్ట్ బటన్ నొక్కాలి. ఆ బటన్ తారుమారు కనెక్షన్ రక్షణను కూడా తీసేస్తుంది కాబట్టి నొక్కే ముందు రంగులు మళ్లీ చూసుకోవాలి. మీ హైబ్రిడ్‌తో పక్కవాడి ట్రాక్టరుకు మాత్రం జంపు ఇవ్వకండి, కన్వర్టరు తట్టుకోదు. బండి లేచాక రెడీలో అరగంట ఉంచండి, రాత్రికి చార్జరు పెడితే ఇంకా మేలు. లిథియం ప్యాకును మే నెలలో డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఉబ్బుతుంది. ఇంట్లో పెట్టి మూడు నెలలకోసారి చార్జి చేయండి.