మట్టికట్టా, కాంక్రీటు డ్యామా: ఏది మేలు?

డ్యాములు డిజైన్ చేసే కంపెనీల బ్రోచర్లు చూస్తే ఇన్ని కాంక్రీటు డ్యాములు, ఇన్ని మట్టికట్టలు అని లెక్క ఉంటుంది. ఒకటి బాగా కట్టినవాళ్లు రెండోదీ కట్టేస్తారులే అనుకుంటాం. నేనైతే అంత తేలిగ్గా నమ్మను. ఈ రెండూ నిలబడే తీరు వేరు, చెడే తీరు వేరు.

కాంక్రీటు డ్యామైనా, నాగార్జునసాగర్ లాంటి రాతికట్టడమైనా తన బరువుతోనే నీటిని ఆపుతుంది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్‌కు రాయిని ఎంచుకోవడంలో ఆనాటి సిమెంటు, యంత్రాల కొరత ఉంది. కూలీలకు మాత్రం కొదవ లేదు. వేలమంది రాళ్లు మోసి 124 మీటర్ల ఎత్తు లేపారు. అంత బరువు మోయాలంటే అడుగున గట్టి బండ ఉండాల్సిందే. ఆ బండ పగుళ్లలోకి నీరు దూరితే డ్యామును కింది నుంచి పైకి తోస్తుంది. అందుకే పగుళ్లలో సిమెంటు గ్రౌటింగ్ (సిమెంటు పాలు ఎక్కించడం), డ్యామ్ లోపల గ్యాలరీ అనే సొరంగం లాంటి దారి, దాంట్లో ఊట బయటికి పోయే రంధ్రాలు.

మట్టికట్టకు అంత పట్టింపు లేదు. కింద నేల కాస్త కుంగినా తనూ సర్దుకుంటుంది. మట్టి, రాయి దగ్గర్లో దొరికితే ఖర్చూ కలిసొస్తుంది. పోలవరంలో గోదావరి అడుగున ఇసుక బాగా లోతు కాబట్టే అక్కడి ప్రధాన డ్యామ్ మట్టి, రాళ్లతో. ఇసుక గుండా నీరు జారిపోకుండా డయాఫ్రమ్ వాల్ అనే గోడను నేలలోకి దించారు. అది కాస్తా వరదలకు దెబ్బతింది. 2025 జనవరిలో కొత్త గోడ మొదలుపెట్టాల్సి వచ్చింది. చౌక అనుకున్నది అన్నిసార్లూ చౌక కాదు మరి.

ఊట విషయంలోనూ తేడా ఉంది. మట్టికట్ట దిగువ అంచున కాస్త ఊట రావడం మామూలే. అక్కడి నీటిని గ్లాసులో పట్టి చూడాలి. తేటగా ఉంటే దిగులు లేదు. మట్టి రంగు తిరిగిందంటే కట్ట లోపలి మన్ను కొట్టుకొస్తోందని, ఆలస్యం చేస్తే గండే. కట్టమీద మొలిచిన తుమ్మచెట్లూ, ఎలుకల బొరియలూ ఈ పనికే దారి చేస్తాయి. మన చెరువుల దగ్గర వీటిని పట్టించుకునేదెవరు?

అన్నిటికన్నా పెద్ద గండం కట్ట మీదుగా నీరు పొర్లడం. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు-2 డ్యామ్ మట్టికట్టలు వరదకు కొట్టుకుపోయి మోర్బీ పట్టణం మునిగింది. నడుమనున్న స్పిల్‌వే, అంటే వరద నీటిని వదిలే గేట్ల కట్టడం, మాత్రం నిలిచింది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులోనూ తెగింది మట్టికట్టే. అదే 2009 అక్టోబరులో శ్రీశైలం చూడండి: పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 దాటింది, అయినా డ్యామ్ తట్టుకుంది. ఆ స్థానంలో మట్టికట్ట ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం.

కాబట్టి బండ అందుబాటులో ఉండి, వరద లెక్క మీద పూర్తి నమ్మకం లేకపోతే నా ఓటు కాంక్రీటుకే. రోలర్‌తో తొక్కించే కాంక్రీటు వచ్చాక సిమెంటు, సమయం రెండూ తగ్గాయి. మహారాష్ట్రలోని ఘాట్‌ఘర్‌లో అలాగే కట్టారు. బండ లోతున ఉంటే మట్టికట్టే గతి, కానీ స్పిల్‌వే మాత్రం బండ మీదే పెట్టుకోవాలి. పోలవరంలో 48 గేట్ల స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు డిజైన్ చేసింది ఈ జాగ్రత్తకే.

కంపెనీని ఎంచేటప్పుడు బ్రోచరు పక్కనపెట్టి బోర్లు వేసి తీసిన బండ ముక్కల పెట్టెలు చూపించమనండి. పది సెంటీమీటర్లకు మించిన ముక్కలు వరుసగా ఉంటే బండ గట్టిది, పిండిపిండిగా ఉంటే కాంక్రీటు ఆశ వదులుకోవాలి. తర్వాత వరద లెక్క ఎన్నేళ్ల వానల మీద కట్టారో అడగండి. చివరగా గేట్ల సంగతి, వరద కట్ట మీదికి రాకుండా వదిలేవి అవే. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక అడ్డుపలకలు దించి ఆపారు. అలాంటి పని చేతనైన మనుషులున్న కంపెనీ అయితే మట్టికట్ట అప్పగించడానికి నాకు అభ్యంతరం లేదు.