సాల్వెంట్ యూరిన్ ప్యానెల్: మెషీన్‌కి మంచి మార్కులు, ఫారానికి సున్నా

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లోని బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్ల కోసం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్ ఇస్తున్న ప్యానెల్ ఇది. కార్మికుల ఒంట్లోకి సాల్వెంట్లు ఎంత చేరాయో మూత్రంలో చూస్తుంది. డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్), టోలుయీన్, మెథనాల్, ఎండీసీ (మిథిలిన్ డైక్లోరైడ్) నాలుగు సాల్వెంట్లూ ఒకే కిట్‌లో.

డబ్బు పెట్టదగ్గది డీఎంఎఫ్ పరీక్షకే. డీఎంఎఫ్ ఊపిరితోనే కాదు, చర్మంలోంచీ ఒంట్లోకి దిగుతుంది. సెంట్రిఫ్యూజ్‌లోంచి తడి కేక్ (సాల్వెంట్‌తో తడిసిన మందు ముద్ద) తీసేవాళ్ల నైట్రైల్ గ్లవ్స్ దాన్ని ఎక్కువసేపు ఆపలేవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి. కాలర్‌కి తగిలించిన ఎయిర్ శాంప్లర్‌కి ఈ దారి కనపడదు. డీఎంఎఫ్ ఒంట్లో మారి మూత్రంలోకి వచ్చే ఎన్ఎంఎఫ్ (ఎన్-మిథైల్ ఫార్మమైడ్) మాత్రం పట్టిస్తుంది. నిజానికి మూత్రంలో ఎక్కువగా ఉండేది దాని హైడ్రాక్సీమిథైల్ రూపం. పరీక్ష చేసే జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్) మెషీన్ ఇంజెక్టర్ వేడికి అది ఎన్ఎంఎఫ్‌గా మారుతుంది. వేడి చాలకపోతే పూర్తిగా మారదు, అంకె తక్కువ వస్తుంది. ఇక్కడ రెండూ కలిపి మొత్తం ఎన్ఎంఎఫ్ ఇస్తున్నారు, అడిగితే మెథడ్ కూడా చూపిస్తారు.

చిక్కంతా రిపోర్టులో ఉంది. అన్నిటినీ గ్రాము క్రియాటినిన్‌కి (మూత్రం ఎంత పల్చగా, చిక్కగా ఉందో చెప్పే పదార్థం) ఇన్ని మిల్లీగ్రాములని మాత్రమే ప్రింట్ చేస్తారు. మొత్తం ఎన్ఎంఎఫ్‌కి ఏసీజీఐహెచ్ (అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ) పెట్టిన హద్దేమో షిఫ్ట్ చివర లీటరుకు 30 మి.గ్రా. క్రియాటినిన్ లీటరుకు 0.5 గ్రాములున్న పల్చటి శాంపిల్‌లో 20 మి.గ్రా. కాస్తా 40 అయి ఎర్రక్షరాల్లో వస్తుంది. క్రియాటినిన్ 2 గ్రాములుంటే 40 మి.గ్రా. కూడా 20 అయి పచ్చగా కనిపిస్తుంది. భయపడాల్సింది ఈ రెండోదానికి. లీటరు లెక్క అడిగి తీసుకోండి.

టోలుయీన్‌కి ఇంకా హిప్యూరిక్ ఆమ్లమే చూస్తున్నారు. బాటిల్ పచ్చళ్లలో, కూల్‌డ్రింకుల్లో వేసే సోడియం బెంజోయేట్ కూడా ఒంట్లో అదే అవుతుంది. ఏసీజీఐహెచ్ దాన్ని జాబితాలోంచి ఎప్పుడో తీసేసింది. దాని బదులు, టోలుయీన్ నుంచే ఒంట్లో తయారయ్యే ఆర్థో-క్రెసాల్ పరీక్ష చేయమనండి, హద్దు గ్రాము క్రియాటినిన్‌కి 0.3 మి.గ్రా. సిగరెట్ తాగేవాళ్లలో అది కాస్త ఎక్కువే ఉంటుంది.

ఫారంలో సిగరెట్ గడి లేదు, షిఫ్ట్ ముగిసిన టైమూ లేదు. ఉన్న గడి ఒక్కటే: ‘ఫాస్టింగా, తిన్నాకా?’ షుగర్ టెస్టు ఫారాన్నే ఇటు తిప్పినట్టున్నారు. అది చూసి యూనిట్లు మెడికల్ క్యాంప్ రోజు పొద్దున్నే పరగడుపు శాంపిల్ పట్టి పంపేస్తాయి. అప్పటికి నిన్నటి సాల్వెంట్ చాలావరకు బయటికి పోయి ఉంటుంది. షిఫ్ట్ దిగగానే, ప్లాంట్ బట్టలు విప్పి, సబ్బుతో చేతులు కడుక్కుని, ప్రొడక్షన్ బ్లాక్‌కి దూరంగా పట్టాలి. చేతికంటిన డీఎంఎఫ్, మెథనాల్ సీసాలో పడకూడదు.

కిట్‌లో ఇచ్చే 100 మి.లీ. ప్లాస్టిక్ సీసా ఒక్కటే అన్నిటికీ చాలదు. సగం నిండిన సీసాలో ఎండీసీ పైనున్న గాలిలోకి చేరి, మూత తీయగానే పోతుంది. దాని హద్దే లీటరుకు 0.3 మి.గ్రా., పోగొట్టుకోడానికి ఏముంది? ముందే సీల్ చేసిన 20 మి.లీ. హెడ్‌స్పేస్ వయల్స్ (మూత తీయకుండానే లోపలి ఆవిరిని కొలిచే చిన్న సీసాలు) అడిగితే పంపుతారు. పట్టిన వెంటనే గాజు సిరంజితో 5 మి.లీ. ఎక్కించి, జెల్ ప్యాక్‌ల మధ్య పెట్టాలి. మెథనాల్‌కీ ఇదే పద్ధతి.

క్రియాటినిన్ 0.3 కంటే తగ్గినా 3 గ్రాములు దాటినా ఆ శాంపిల్‌ని పక్కనపెట్టి, మళ్లీ పంపమని ఫోన్ చేస్తారు. ఇది మెచ్చుకోవాల్సిందే. ఎండాకాలంలో రియాక్టర్ బ్లాక్ నుంచి వచ్చే శాంపిల్స్‌కి ఈ ఫోన్లు తప్పవు.

ఫలితాలు మాత్రం పేర్లతో సహా ఒకే ఎక్సెల్ షీట్‌లో హెచ్ఆర్‌కి వెళ్తున్నాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఫలితాలు పంపాల్సిన చోట ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసర్ మెయిల్ ఐడీ ఒక్కటే రాయించండి.